మీ అమ్మగారికి చక్కెర తక్కువా?

ఊరు చూడటానికొచ్చిన మొదటి ఉదయం నేను చేసిన మొదటి పని, మూడు జతల మేజోళ్ళు ఉతికి కిటికీ చువ్వకి ఆరేయడం. ఎవరూ ఉతకమనలేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇందులో నాకు సిగ్గేసే సంగతులన్నీ ఎవరూ చెప్పకుండా నేను చేసినవే. చన్నీళ్ళకి వేళ్ళు ఎర్రబడ్డాయి. అయినా కూనిరాగం తీసుకుంటూనే ఉతికాను. పెళ్ళై నాలుగు నెలలు. ఆయన నిద్రమొహంతో వచ్చి, సరస్సు వైపున్న ఆ కిటికీ ఆవిరి పట్టిన అద్దం మీద నా పేరులో మొదటి అక్షరం, కాస్త దూరంగా తన పేరులో మొదటి అక్షరం రాసి, “చూడు, సరస్సంతా మనిద్దరి మధ్యే ఉంది,” అన్నారు. అలాంటి మాటకి మూడు జతలేమిటి, ముప్పై జతలైనా ఉతకొచ్చనిపించింది.

ఆ ఊరు ఎంచింది నేనే. డిగ్రీలో భూగోళశాస్త్రం చదివాను. ఎప్పుడో కొండచరియ విరిగి ఏటికి అడ్డంగా పడితే, నీళ్ళు వెనక్కి నిండి ఒక అడవి అడవంతా నిలువునా మునిగిపోయిన చోటది. అవతలి ఒడ్డు దగ్గర, గాలి లేని పూట, నీళ్ళ అడుగున ఆ చెట్లు ఇంకా నిలబడే కనిపిస్తాయట. పరీక్షలో ఆ సరస్సు గురించి నాలుగు పేజీలు రాసినదాన్ని, దాన్ని కళ్ళతో చూడబోతున్నానంటే ప్రయాణానికి వారం ముందు నుంచే నాకు కాలు నేల మీద నిలవలేదు. బస్సులో ఆయనకి పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన నా భుజం మీద తల పెట్టి, ఊ కొడుతూ కొడుతూ నిద్రపోయారు. ఆ బరువు కూడా నాకు బాగానే ఉంది.

అత్తగారు కూడా మాతో వచ్చారు. “కొత్తగా పెళ్ళైనవాళ్ళ మధ్య నేనెందుకురా,” అని ఆవిడ, “నువ్వు మాత్రం ఏ ఊళ్ళు చూశావమ్మా,” అని ఆయన, “మీరు రాకపోతే సరదా ఏముంది అత్తయ్యా,” అని నేను. మనసులోంచే అన్నాను. మా గదికీ ఆవిడ గదికీ మధ్య ఒక తలుపు. ఆ తలుపు ఇవతల ఉన్నవన్నీ ఎక్కడున్నాయో నాకు తెలుసు, అవతల ఉన్నవి కూడా. ఆయన మఫ్లరు, ఆవిడ కళ్ళజోడు, మోకాళ్ళ నూనె, మధ్యాహ్నం మాత్రలు, రాత్రి మాత్రలు. “నువ్వుంటే నాకేమీ గుర్తుండక్కర్లేదు,” అంటారాయన. దాన్ని నేను ప్రేమ మాటల లెక్కలోనే వేసుకున్నాను.

పడవల రేవు పక్కన చెక్కలతో కట్టిన టీ దుకాణం ఉంది. లోపల ఐదే బల్లలు. టీ కుండకి ఊలుతో అల్లిన టోపీ తొడిగి తెస్తారు, చంటిపిల్లకి పెట్టినట్టు. పక్కనే చిన్న ఇసుక గడియారం. ఆ ఇసుకంతా కిందికి జారేదాకా టోపీ తీయకూడదు. పాలు పోసుకోవడానికి బొటనవేలంత చెంబు. వాటన్నిటినీ చూసి నేను చేతులు పిసుక్కుంటూ మురిసిపోతుంటే ఆయన, “టీ తాగుతావా, దాంతో కాపురం చేస్తావా?” అని నవ్వారు. దుకాణం ఆవిడకి యాభై దాటి ఉంటాయి. నడుముకి గళ్ళగుడ్డ కట్టుకుంది. ఆవిడ రెండు కప్పులే తెచ్చింది. మర్చిపోయిందనుకుని నేనే లేచి అరలోంచి ఇంకోటి తెచ్చుకున్నాను. వాళ్ళిద్దరికీ పోసి, అత్తగారి దాంట్లో చక్కెర కలిపి, ఆయన దాన్ని కొంచెం చల్లార్చి, నాది రెండు గుక్కల్లో మింగేశాను. పెళ్ళయ్యాక నాకు అలవాటైన తాగుడది. తాగడం అవ్వగానే, వాళ్ళు సరస్సుకేసి చూస్తూ కబుర్లు చెప్పుకుంటుండగా, నా చేతులు వాటంతటవే కప్పులు ఒకదాంట్లో ఒకటి పెట్టి వెనక తొట్టి దగ్గరికి పట్టుకెళ్ళాయి. కడగడం కూడా మొదలుపెట్టాయి.

“వదిలెయ్యమ్మా, నీకు అక్కడి పని చాలదా?” అంది దుకాణం ఆవిడ వెనకనుంచి.

నేను నవ్వేశాను. ఆ “నువ్వు” నాకు ఎంత తియ్యగా వినిపించిందో. ముక్కూ మొహం తెలియని ఊళ్ళో ఎవరో అమ్మలా మాట్లాడుతోందనుకున్నాను.

“మీ అమ్మగారికి చక్కెర తక్కువా? రేపటికి గుర్తుపెట్టుకుంటాను.”

“అవునండి, సగం చెంచా చాలు,” అన్నాను.

గదికి వచ్చాక ఆ సంగతి చెప్పి ఎంత నవ్వించానో. “మమ్మల్ని తల్లీకూతుళ్ళనుకుంది, తెలుసా?” అత్తగారి మొహం వెలిగిపోయింది. వెంటనే మా ఆడపడుచుకి ఫోన్ చేసి మరీ చెప్పారు. “అనుకోదూ మరి? దీని చేతులు ఒక్క క్షణం ఊరుకోవు. హోటల్లో కూడా కప్పులు కడిగేస్తోందే తల్లీ. మా కోడలు బంగారం.” ఆ రోజంతా ఆ బంగారాన్ని చెవులకి పెట్టుకుని తిరిగాను. ఎక్కడ తిరిగాను అంటే, గదిలోనే.

మర్నాడు పదింటికి పడవ. గాలి లేదు, నీళ్ళు అద్దంలా ఉన్నాయి, చెట్లు కనిపిస్తాయని పడవవాడు అన్నాడు. రేవులోకి దిగాక అత్తగారు, “శాలువా మర్చిపోయానర్రా,” అన్నారు. ఆయన నావైపు చూశారంతే. నోరు తెరిచి ఏమీ అనలేదు, అది ఒప్పుకోవాలి. “నేను తెస్తాను,” అన్నది నేను. గది ఉన్నది కొండ మీద, ఎక్కడానికి పావుగంట, దిగడానికి పది నిమిషాలు. శాలువాతో రొప్పుతూ వచ్చేసరికి పడవ సరస్సు నడిమధ్యలో ఉంది. ఆయన లేచి నిలబడి, రెండు చేతులూ ఊపుతున్నారు. నేనూ ఊపాను. నవ్వుతూ ఊపాను. అదీ నాకు సిగ్గే.

ఇక టీ దుకాణంలో కూర్చున్నాను. అత్తగారి పాత స్వెటర్ నా ఒంటి మీద, శాలువా ఒళ్ళో. బల్లలన్నీ ఖాళీ. దుకాణం ఆవిడ అడక్కుండానే కుండా, గడియారం, ఒక్క కప్పూ తెచ్చి, ఎదురుగా కూర్చుంది.

“నిన్ను వదిలేసి వెళ్ళారా?”

“లేదండి, నేనే ఆలస్యం అయ్యాను.”

“ఎన్నాళ్ళయింది వాళ్ళ దగ్గర చేరి?”

చేరి అన్న మాట చెవిలో పడింది కానీ, నోరు అంతకంటే ముందుంది. “నాలుగు నెలలు.”

“వంట కూడా నువ్వేనా?”

“నేనేనండి.”

“మరి మీ అయ్యగారు ఎలాంటివారు? కోపిష్టా?”

అప్పుడు తెలిసింది. అయ్యగారు. నిన్నటి అమ్మగారు తల్లి కాదు, యజమానురాలు. రెండు కప్పులు మరుపు కాదు. అక్కడి పని అంటే జోక్ కాదు. నా మొహంలోకి వేడి ఎలా ఎగదన్నిందో చెప్పలేను. ఆయన్ని నేను మీరు అంటాను, ఆయన నన్ను నువ్వు అంటారు. అత్తయ్యా అని నేను పిలవడం ఈవిడ ఎప్పుడూ వినలేదు. ఎలా వింటుంది, పిలిచేది ఎప్పుడూ వాళ్ళే కదా. అండీ, తెస్తానండీ, ఇదిగోనండీ. ఇవే విని ఉంటుంది. కాదండీ, నేను ఆ ఇంటి కోడలిని అని చెప్పడానికి నోరు తెరిచాను. రాలేదు. డిగ్రీ చదివిన నన్ను పనిమనిషి అనుకోవడమా అని మొదట ఉడుక్కున్నాను. పనిమనిషి అనుకుంటే తప్పేముంది, ఆ ఉడుకుమోత్తనం ఏమిటి అని ఆ వెంటనే ఇంకో సిగ్గు. అన్నిటికంటే అడుగున ఉన్న సిగ్గు వేరు. ఆవిడ అడిగినవాటిలో ఒక్కదానికి కూడా నేను అబద్ధం చెప్పలేదు.

“కోపిష్టి కాదండి. మంచివారు.”

“వారంలో ఒక పూటైనా సెలవిస్తారా?”

నవ్వొచ్చింది. “లేదండి.”

“అదేం మంచి?” అని ఆవిడ కుర్చీ దగ్గరికి జరిపింది. గొంతు తగ్గించింది. “నీకంటే పెద్దదాన్ని కాబట్టి చెప్తున్నాను, ఏమీ అనుకోకు. నిన్న మెట్లు దిగేటప్పుడు ఆయన నీ నడుము మీద చెయ్యి వేయడం చూశాను. ముసలావిడ ముందు నడుస్తోంది, వెనక ఇదీ వరస. నువ్వు నవ్వుతున్నావు, పాపం, ఏం చేస్తావులే. అలాంటి చోట ఉండకమ్మా. ఈ వెనక ఒక గది ఖాళీగా ఉంది. నాకూ మనిషి కావాలి. మంగళవారం దుకాణం మూసేస్తాను, ఆ రోజంతా నీదే. నీ తిండి వేడిగా ఉన్నప్పుడే నువ్వు తినొచ్చు.”

ఆవిడ చెయ్యి నా చేతి మీద ఉంది. సున్నితంగా లేదు, సబ్బుకి గరుకుబారిన చెయ్యి. నాలుగు నెలల్లో నా పని గురించి ఎవరైనా ఇంత శ్రద్ధగా అడగడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చేలా ఉంది. ఇంక దాచడం పాపం అనిపించింది.

“ఆయన మా ఆయనేనండి,” అన్నాను. “ఆవిడ మా అత్తగారు.”

ఆవిడ గబుక్కున చెయ్యి తీసేసింది. నోటికి గళ్ళగుడ్డ అడ్డం పెట్టుకుంది. “అయ్యో, ఎంత మాటన్నాను. క్షమించండి మేడమ్. మీరు కోడలనుకోలేదు.” మీరు వచ్చేసింది, మేడమ్ వచ్చేసింది. తర్వాత ఆవిడ గుండెల నిండా ఊపిరి తీసి వదిలి, తేలికపడి, నవ్వుతూ అంది.

“అయితే పర్వాలేదు లెండి.”

లేచి వెళ్ళి అరలో కప్పులు సర్దుకోసాగింది. మంగళవారం, వెనక గది, వేడి తిండి అన్నీ ఆవిడతో పాటే వెళ్ళిపోయాయి. అదే వంట, అవే కప్పులు, అదే శాలువా. ఒక్క మాటతో అన్నీ పర్వాలేనివి అయిపోయాయి. ఇసుక ఎప్పుడో జారిపోయింది. టీ చేదెక్కింది.

పడవ వచ్చింది. ఆయన గంతులేస్తూ దిగారు. “నీకోసం ఆపమన్నాను, వాడు వినలేదు. ఎంత మిస్సయ్యావో తెలుసా? నీళ్ళ అడుగున చెట్లు నిలబడే ఉన్నాయి. ఎందుకో తెలుసా నీకు? ఎప్పుడో కొండచరియ పడి…” అని నాకు మొదలుపెట్టారు. నేను విన్నాను. చివరిదాకా విన్నాను. అత్తగారు శాలువా కప్పుకుని, ఉస్సురని కూర్చున్నారు.

“ఇంకో పావుగంటలో ఈ పూటకి ఆఖరి పడవట,” అన్నారాయన. “ఈసారి ముగ్గురం వెళ్దాం. అన్నట్టు అమ్మ మధ్యాహ్నం మాత్రలు గదిలో ఉండిపోయాయి. నువ్వు ఒక్క పరుగున…” కొండెక్కడానికే పావుగంటని ఆయనకి తట్టలేదు.

“మీరు వెళ్ళి తీసుకురండి,” అన్నాను.

గొంతు సన్నగా, ఎవరిదోలా వచ్చింది. దుకాణం ఆవిడ చేతిలో కప్పు ఆగింది.

“నేనా?” అన్నారాయన. కోపం కాదు, నిజంగానే అర్థం కాలేదు. “ఎక్కడున్నాయో నాకేం తెలుసు?”

“నాకూ పెళ్ళికి ముందు తెలీదు.”

ఆయన నన్ను చూసి, వాళ్ళమ్మని చూసి, హాస్యమేమోనని కాస్త నవ్వి చూసి, చివరికి కొండదారి పట్టారు. అత్తగారు ఆయన వెళ్ళినవైపే చూశారు. మెల్లగా, “వాడికి సంచి తీయడం కూడా రాదే,” అన్నారు.

“వెతుక్కుంటారు లెండి అత్తయ్యా.”

రేవులో పడవెక్కమని గంట మోగింది. అప్పుడు స్వెటర్ జేబులో చెయ్యి పెడితే గది తాళం చెవి తగిలింది. ఆయన ఇంకా మొదటి మలుపు దగ్గరే ఉన్నారు. పిలిస్తే వినపడుతుంది. పరుగెత్తితే అందుకోవచ్చు. తాళం చెవి తీసి బల్ల మీద అత్తగారి ముందు పెట్టాను. సిగ్గుతో ఒళ్ళంతా కాలిపోతోంది, నేనేదో దొంగతనం చేసినట్టు. అలా కాలిపోతూనే వెళ్ళి పడవెక్కాను.