పక్కచూపు

చెయ్యి చూసి జాతకం చెప్పేవాళ్ళు ఉంటారు. గాలి మేస్త్రి టైరు చూసి చెప్తాడు. ముందు టైర్లు ఇట్టే అరిగిపోయాయంటే ఆ బండి తోలేవాడు ఆఖరి క్షణం దాకా బ్రేకు మీద కాలు పెట్టని రకం. టైరు రెండంచులూ అరిగి నడుమ బాగుంటే గాలి పెట్టించుకోవడానికి కూడా బద్ధకించే మహానుభావుడు. ఒక్క అంచే అరిగితే కారుని ఏ గుంటలోనో పడేసి, ఇంట్లో చెప్పకుండా ఊరుకున్నవాడు. ముప్పై ఏళ్ళుగా ఇదే పని కాబట్టి షాపుకి వచ్చేవాళ్ళ మాటలు అతను సగమే వింటాడు. మిగతా సగం కారుని జాకీ మీద ఎత్తాక తెలుసుకుంటాడు.

గాలి మేస్త్రి అన్న పేరు బావ పెట్టిందే. సైకిళ్ళకు గాలి కొట్టే పంపుతో అతను దుకాణం తెరిచిన రోజుల్లో, "మా బావమరిది గాలి వ్యాపారం పెట్టాడు" అని బావ కనపడ్డవాళ్ళందరికీ చెప్పి నవ్వేవాడు. ఇప్పుడు షాపులో టైర్లు విప్పే యంత్రం ఉంది, బ్యాలెన్సింగ్ యంత్రం ఉంది, గోడ నిండా అలాయ్ చక్రాలు తళతళలాడుతూ వేలాడుతున్నాయి. పేరు మాత్రం గాలి మేస్త్రి దగ్గరే ఆగిపోయింది.

ఆ మంగళవారం పొద్దున బావ ఎర్ర కారు షాపు ముందు కాస్త వంకరగా ఆగింది. రెండే తలుపులు, నేలకి జానెడు ఎత్తు, గొంతు వింటే పులి. వెనక సీటు చిన్నపిల్లలకి తప్ప ఎవరికీ పనికిరాదు. బావ ఒక ఫ్యాక్టరీలో ముప్పై రెండేళ్ళు కొలతల ఇన్‌స్పెక్టరుగా చేసి, ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉండగానే మానేసి, ఆ కారు కొన్నాడు. ఈ వయసులో ఇదేం ముచ్చటని చుట్టాలంతా నవ్వారు. ఆయన అవేమీ పట్టించుకోకుండా రోజూ మనవరాలిని అందులో స్కూల్లో దింపి, మధ్యాహ్నం మూడింటికి మళ్ళీ ఇంటికి తెస్తున్నాడు. వెనక ఎడమవైపు సీటు ఆ పిల్లది. అక్కడ చేతిసంచీ పెట్టినా ఊరుకోదు.

"ఏరా గాలోడా, ఆ నల్లవి దించు," అన్నాడు బావ గోడ వైపు చూపిస్తూ.

"అవి పందొమ్మిది అంగుళాలు బావా. నీ కారువి పదిహేడు."

"పట్టవా?"

"ఎందుకు పట్టవు. కానీ రిమ్ము పెరిగినకొద్దీ టైరు సన్నబడాలి, లేకపోతే లోపల రాసుకుంటుంది. చివరికి నాలుగు వేళ్ళ రబ్బరు మిగులుతుంది. గుంటలో పడ్డప్పుడల్లా నీ నడుము సంగతి తేలుతుంది."

"నా నడుము సంగతి మీ అక్క చూసుకుంటుంది. నువ్వు చక్రాల సంగతి చూడు. ఇవాళే అయిపోవాలి. మూడింటికి పిల్లని తేవాలి."

"అంత తొందరేమొచ్చింది?"

"ముచ్చటరా. ముచ్చటకి కారణం చెప్పాలా?" అని బావ నవ్వి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఇంకో మాట. పాత చక్రాలు ఇంటికి పంపకు. ఇక్కడే ఎక్కడో పడెయ్యి."

ఆ మాట గాలి మేస్త్రికి నచ్చలేదు. పాత జోళ్ళు కూడా తుడిచి అట్టపెట్టెలో దాచుకునే మనిషి బావ. అలాంటి మనిషి నాలుగు మంచి చక్రాల్ని పడెయ్యమనడమేమిటి? బావ కారు పనివాళ్ళకి అప్పజెప్పడం ఇష్టం లేక తనే జాకీ ఎత్తాడు.

కుడివైపు రెండు చక్రాలూ కొన్నప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. బోల్టుల సందుల్లో దుమ్ము కూడా లేదు. తర్వాత ఎడమవైపు వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, అక్కడే ఉండిపోయాడు.

రిమ్ము అంచు చుట్టూ గీతలు. పాతవాటి మీద కొత్తవి. ఒక చోట ఫుట్‌పాత్ రాళ్ళకి వేసే పసుపురంగు అంటుకుని ఉంది, ఒక చోట ఎవరిదో గేటు ఆకుపచ్చ. అల్యూమినియం లోపలిదాకా లేచిపోయిన చోట వేలు పెడితే గుచ్చుకుంది. వెనక చక్రం ఇంకా ఘోరంగా ఉంది. టైరు పక్కభాగం మీద నిమ్మకాయంత బుడిపె లేచింది. లోపలి దారాలు తెగితేనే అలా వస్తుంది. ఆ బుడిపె ఇవాళ పగలొచ్చు, నెలకి పగలొచ్చు, పిల్ల కూర్చున్నప్పుడే పగలొచ్చు.

ఇంకెవరి కారైనా అయితే అతనికి జాతకం క్షణంలో తెలిసిపోయేది. బావది కావడంతో మనసు అడ్డం తిరిగింది. ఎవరో పార్కింగులో గుద్దేసి ఉంటారనుకున్నాడు. అన్నిసార్లు గుద్దరు. అక్క నడిపిందేమో అనుకున్నాడు. "మీ అక్క చేతికి ఇంటి తాళాలిస్తాను, బీరువా తాళాలిస్తాను, కారు తాళం మాత్రం అడక్కు" అనేది బావ పాత పాట. ఇక మిగిలింది ఒక్కటే. అది అనుకోవడానికే భయం వేసింది.

పక్క కొట్టు నుంచి టీ వచ్చింది. గాలి మేస్త్రి ఒక గ్లాసు తీసుకుని బావ ఎడమవైపు నిలబడి, మాట్లాడకుండా ఆయన భుజం దగ్గరికి చాపాడు. బావ గోడ మీది చక్రాల వైపు చూస్తూ, వాటి కమ్మీలు పది ఉంటే బాగుంటుందా ఐదు ఉంటే బాగుంటుందా అని చెప్పుకుపోతున్నాడు. గ్లాసు ఆయన చెవికి రెండు జానల దూరంలో ఉంది. ఆవిరి లేస్తోంది. ఆయనకి తెలియలేదు.

"బావా, టీ."

బావ తలతో పాటు భుజాలు కూడా తిప్పి, గ్లాసు ఎక్కడుందో వెతుక్కుని అందుకున్నాడు. "ఎప్పుడొచ్చి నిలబడ్డావురా పిల్లిలా," అన్నాడు.

గాలి మేస్త్రికి అనుమానం తీరిపోయింది. తనకి పన్నెండేళ్ళప్పుడు అక్కని చేసుకుని ఇంట్లోకి వచ్చిన మనిషి ఈయన. తండ్రి లేని తనకి సైకిల్ నేర్పింది, కారు నేర్పింది, మొదటి పంపు కొనిపెట్టింది ఈయనే. ఈ మనిషికి తను చెప్పాల్సిన మాట ఇదా అని ఏడుపొచ్చింది. దాన్ని మింగేసి, "బావా, చక్రాలు వెయ్యను," అన్నాడు.

"ఏం?"

"వెయ్యను."

"దాయాది చావు కోరతాడు, బావమరిది బతుకు కోరతాడు అంటారు. నువ్వేమిట్రా, నాలుగు చక్రాలు వెయ్యడానికి ఏడుస్తున్నావు?"

"బతుకు కోరే వెయ్యనంటున్నా."

బావ మొహంలో నవ్వు ఆరిపోయింది. "నీకు స్టీరింగు పట్టుకోవడం ఎవడు నేర్పాడ్రా?" అన్నాడు. గొంతు గట్టిగా లేదు, కానీ పదునుగా ఉంది. "నాకు నువ్వు చెప్పేంతవాడివయ్యావా? ఊళ్ళో నీదొక్కటే షాపా?"

గాలి మేస్త్రి కారు దగ్గరికి వెళ్ళాడు. విప్పిన వెనక చక్రాన్ని దొర్లించుకుంటూ వచ్చి, ఆయన మోకాళ్ళకి ఆనించి, ఆయన చెయ్యి పట్టుకుని బుడిపె మీద పెట్టాడు. ముప్పై రెండేళ్ళు వెంట్రుకవాసి తేడాలు పట్టుకున్న వేళ్ళు అవి. బొటనవేలు బుడిపె చుట్టూ ఒకసారి తిరిగింది, ఆగింది. తర్వాత రిమ్ము అంచు మీదకి వెళ్ళి గీతల్ని ఒక్కొక్కటే తడిమింది.

"ఇది ఎప్పుడైనా పగులుతుంది బావా. దీని పైన ఎవరు కూర్చుంటారో నీకు తెలుసు."

బావ చెయ్యి తీసేశాడు. టీ చల్లారిపోయింది.

"గ్లకోమా అన్నాడు డాక్టరు," అన్నాడు చివరికి. "నొప్పి ఉండదట, ఎర్రబడదట. పక్కనుంచి కొంచెం కొంచెం మూసుకుంటూ వస్తుందట. ఎడమ కన్ను చాలావరకు పోయింది. ఫ్యాక్టరీలో గేజి మీద గీత తప్పు చదివాను, రెండుసార్లు. మూడోసారి చదవకముందే మానేశాను."

"డ్రైవింగు మానెయ్యమని చెప్పలేదా ఆ డాక్టరు?"

"చెప్పాడు. ముందు వైపు బాగానే కనిపిస్తోంది కదా అనుకున్నాను." బావ నవ్వబోయాడు. "మీ అక్క ముప్పై ఏళ్ళుగా అందరితోనూ గొప్పగా చెప్పుకుంది, మా ఆయనకి పక్కచూపులు లేవని. ఇప్పుడు డాక్టరే రాసిచ్చాడు, లేవని."

ఆ హాస్యానికి ఆయనే నవ్వలేకపోయాడు. జేబురుమాలు తీసి కళ్ళద్దాలు తుడుచుకుంటూ, తుడిచినవే మళ్ళీ తుడిచాడు.

"మరి ఈ పందొమ్మిది అంగుళాలు ఎందుకు?"

"మీ అక్క గీతలు లెక్కపెడుతోందిరా. రోజూ చీపురు పట్టుకుని వాకిట్లోకి వచ్చి కారు చుట్టూ తిరుగుతుంది. నిన్న, తొమ్మిదోది పడిందండీ అంది. కొత్త చక్రాలు వేస్తే లెక్క మళ్ళీ మొదటినుంచి కదా." తలొంచుకున్నాడు. "స్కూలు గేటు దగ్గర ఆ పిల్ల కారు చప్పుడు విని పరిగెత్తుకొస్తుంది. రోజు మొత్తానికి నాకున్న పని అదొక్కటే. అది కూడా పోతే పొద్దున లేచి ఏం చెయ్యను?"

గాలి మేస్త్రికి జాలీ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఏది ముందు బయటపడుతుందోనని చక్రాన్ని తీసుకెళ్ళి గోడకి ఆనించాడు.

"అక్కకి నేను చెప్పను," అన్నాడు. "నువ్వే చెప్తావు. తాళం మాత్రం నాకియ్యి."

"మూడింటికి పిల్లని ఎవరు తెస్తారు?"

"అక్క తెస్తుంది."

"దానికి చేతనవుతుందా? లైసెన్సు తీసుకున్నాక స్టీరింగు ముట్టుకుంటే ఒట్టు."

"ఆర్నెల్లుగా ఆదివారం ఆదివారం వచ్చి నా షాపు వ్యాను నడుపుతోంది బావా. చెయ్యి మర్చిపోకుండా అంది. నీతో చెప్పొద్దంది. ఎందుకో నాకూ ఇవాళే అర్థమైంది."

బావ అతని మొహంలోకి చూశాడు. కారు తాళం తీసి అతని అరచేతిలో పెట్టాడు. ఇంత సులువుగా ఇచ్చేస్తాడని గాలి మేస్త్రి అనుకోలేదు.

కొంతసేపటికి బావే లేచాడు. "ఆ నల్లవి అక్కడే ఉంచు," అన్నాడు. "మీ అక్కకి అవి వద్దు. దానిది కొత్త చెయ్యి. ఫుట్‌పాత్ ఎక్కించడం ఖాయం. రిమ్ముకి దెబ్బ తగలకుండా రబ్బరు దండిగా ఉండాలి. పదహారు అంగుళాలవి ఉన్నాయా?"

"ఉన్నాయి. నీ కారుకి బ్రేకులు పెద్దవి, లోపల తగలొచ్చు."

"పెట్టి చూడు."

పెట్టి చూశారు. చక్రం బ్రేకు చుట్టూ చక్కగా కూర్చుంది. బావ నేల మీద చతికిలబడి, కమ్మీల సందులోంచి చూపుడువేలు దూర్చి, కళ్ళు మూసుకున్నాడు. "బ్రేకుకీ రిమ్ముకీ నడుమ ఆరు మిల్లీమీటర్లు. ఒక వెంట్రుక ఎక్కువే," అన్నాడు. గాలి మేస్త్రి గేజి పెట్టి చూస్తే ఆరు పాయింటు ఒకటి. ఆ అంకె పైకి చదివి వినిపించాడు. బావ తలూపాడు, ఇందులో చెప్పేదేముందన్నట్టు.

తర్వాత టైర్లు. ఆ ఒక్క గంటా ఆయన మళ్ళీ ఇన్‌స్పెక్టరయ్యాడు. చూడ్డానికి జోరుగా ఉన్నాయని గాలి మేస్త్రి చూపించిన రెండు రకాల్ని తోసేశాడు. గాడులు లోతుగా ఉండాలన్నాడు. తడిరోడ్డు మీద ఏది తొందరగా ఆగుతుందని అడిగాడు. "మీ అక్క భయపడితే బ్రేకు మీద నిలబడుతుంది. నిలబడితే కారు ఆగాలి, జారకూడదు." ఒక్కో టైరు మీద తయారైన వారం, సంవత్సరం చూపే నాలుగంకెల్ని వేలితో తడిమి, గాలి మేస్త్రితో చదివించుకున్నాడు. ఒకటి మిగతావాటికన్నా ఏడాది పాతదని తేలితే మార్పించాడు. బావమరిది షాపైనా సరే, మొహమాటం లేదు.

రెండింటికి ఆయనే అక్కకి ఫోన్ చేశాడు. "లైసెన్సు తీసుకుని షాపుకి రా," అని పెట్టేశాడు. ఇల్లు రెండు వీధుల అవతలే. ఆమె ఎండలో నడిచి వచ్చింది. జాకీ మీంచి దించిన కారుని, విప్పిన పాత చక్రాల్ని, తమ్ముడి మొహాన్ని చూసింది.

"నా ఎడమ కన్ను పోయిందే," అన్నాడు బావ. "నీతో చెప్పలేదు."

అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. "గీతలు లెక్కపెట్టింది కారు కోసం కాదండీ," అంది. "మీరు చెప్తారేమోనని."

ఆమె డ్రైవరు సీట్లో కూర్చుని, సీటు ముందుకి జరుపుకుని, అద్దాలు సరిచేసుకుంది. ఇంజను గర్జించేసరికి ఉలిక్కిపడి తమ్ముడి వైపు చూసింది. అతను ధైర్యం చెప్తున్నట్టు తలూపాడు.

బావ కారెక్కలేదు. బయటే నిలబడి, "ఈ టైర్లు ఎన్నేళ్ళొస్తాయిరా?" అని అడిగాడు.

"అక్క నడిపితే ఆరేళ్ళు ఎక్కడికీ పోవు."

"డాక్టరు నాకు నాలుగన్నాడు. రెండో కన్ను కూడా పోవడానికి."

బావ కారు చుట్టూ నడవడం మొదలుపెట్టాడు. ఒక్కో టైరు దగ్గరా ఆగి, తల మొత్తం తిప్పి, వంగి, పైనుంచి కిందిదాకా చూశాడు. గాడులు, అంచులు, అంకెలు. వెనక ఎడమదాని దగ్గర ఎక్కువసేపు ఉన్నాడు. మూడవడానికి ఇంకా పావుగంట ఉంది. అక్క స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకే చూస్తూ కూర్చుంది. తొందరగా రమ్మని ఆమె అనలేదు.