ఆగని పదమూడు సెకన్లు

పాడె ముందు నడుస్తూ డప్పు కొడుతున్నది తన తాత బుచ్చయ్యేనని మమతకు వెనక నుంచి చూడగానే తెలిసిపోతుంది, ఎందుకంటే ఎడమ భుజం అట్లా కిందికి వాల్చి, మెడ పక్కకు తిప్పి, డప్పుతో ఏదో గుట్టు చెబుతున్నట్టు కొట్టే మనిషి ఆ చుట్టుపక్కల ఇంకొకరు లేరు. ఆయన పోయి ఏడాది దాటిందన్న సంగతి కూడా ఆమెకు తెలుసు, తెలిసినా అదేమీ అడ్డం రాదు, చచ్చినవాళ్లు నడవడం కన్నా తన కాళ్లకు చెప్పులు లేకపోవడమే ఆమెకు పెద్ద వింతగా తోస్తుంది. చేతిలో మాత్రం ఫోన్ ఉంది. అది ఏదో వినిపిస్తూనే ఉంది, ఎక్కడ నొక్కినా ఆగడం లేదు.

దారి ఏ ఊరిదో చెప్పడం కష్టం. ఒక పక్క పత్తి చేలు, ఇంకో పక్క మమత అద్దెకుంటున్న ఉప్పల్ గల్లీలోని షట్టర్లు, నడుమ తడిసిన ఎర్రమట్టి. పాడె దాటగానే ఒక ఇంటి ముందు కొంగు నెత్తిన కప్పుకున్న ఆడమనిషి వాకిలి కడగడానికి బిందె వంచుతుంది, ఒక తెల్ల కుక్క మూడు కాళ్ల మీద కుంటుతూ దారి దాటుతుంది, ఎవరో పేలాలు గాల్లోకి విసురుతారు, అంతలోనే బిందెలోని నీళ్లు నేలను తాకకముందే మళ్లీ అదే ఆడమనిషి, అదే బిందె, అదే కుక్క, అవే పేలాలు. మొదటిసారి మమత పట్టించుకోదు. నాలుగోసారికి పేలాలు లేవకముందే తల దించుకుంటుంది. పదమూడు సెకన్లని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు, ఆ పదమూడు సెకన్లను చెవుల్లో పెట్టుకొనే ఏడాదిగా అన్నం తింటోంది, నిద్రపోతోంది.

మమత బీట్లు చేస్తుంది, అంటే రాప్ పాడేవాళ్లకు వెనక మోగే దరువును కంప్యూటర్లో కట్టి ఇస్తుంది. మూడేళ్ల పాటు ఆమె చేసినవన్నీ ఎక్కడో విన్నట్టే ఉన్నాయని అందరూ పెదవి విరిచారు. అట్లాంటి రోజుల్లో ఒకసారి తాత వెంట ఒక చావుకు పోయి, ఆయన దరువును ఫోన్లో పట్టుకొచ్చి, అందులో పదమూడు సెకన్లు కోసి, కింద గుమ్మని మోగే బేస్ పెట్టి, ఆగకుండా తిరిగే లూప్ కట్టింది. ఆ పాట తాత పోయిన పదిరోజులకు బయటికొచ్చి బారాతుల్లో, హాస్టళ్లలో, ఆటోల్లో మోగిపోయింది. ఇప్పుడు దాన్ని మమత సౌండ్ అంటున్నారు. ఆ మాట విన్న ప్రతిసారీ ఆమెకు సంతోషం వేస్తుంది, ఆ వెంటనే అది తనదేనా అన్న అనుమానమూ వస్తుంది, ఎందుకంటే తర్వాత చేసిన ఆరు బీట్లలోనూ ఉన్నది అదే ముక్క, ఒకదాంట్లో సాగదీసి, ఒకదాంట్లో తిరగేసి. అది తీసేస్తే తన దగ్గర ఏముందో ఆమెకే తెలియదు.

"తాతా" అని పిలుస్తుంది.

ఆయన వెనక్కి తిరగడు, కొట్టడం ఆపడు. "వచ్చినవా బిడ్డా. సిన్నగ నడువు. తొందరేమున్నది, ఎట్లనన్న పోయి చేరేది లేదు."

"ఏడికి పోతున్నం?"

"పాడె ఎత్తుకున్నంక బొందలగడ్డకు గాక ఏడికి పోతరే? నువ్వు పాట ఇడిసిన దినం సంది పోతనే ఉన్నం."

మమత అడుగులు పెద్దవి చేసి ఆయన పక్కకు వస్తుంది, వస్తుంటే పాడె మోసేవాళ్లను దాటాలి, వాళ్లు నలుగురు, ముఖాలు పలక మీద తడిచేత్తో తుడిచినట్టున్నాయి గానీ భుజాలు మాత్రం బాగా కనిపిస్తున్నాయి, కర్ర ఒరుసుకొని ఒరుసుకొని చొక్కాలు చిరిగి, లోపలి చర్మం కందిపోయి. మామూలుగా అయితే కొంతదూరం పోయాక భుజం మార్చుకుంటారు. పదమూడు సెకన్లలో భుజం మార్చుకునే చోటు రాదు. ఈ సంగతి అర్థమయ్యేసరికి మమత వాళ్ల వంక చూడకుండా ముందుకు పోతుంది.

తాత చేతిలోని సిర్ర, డప్పు కొట్టే ఆ మోటు పుల్ల, అరిగి అరిగి బొటనవేలంత మిగిలింది.

"నాకు ఇనిపిస్తనంటివి" అంటాడు ఆయన, నిష్ఠూరం లేకుండా, పొద్దున తాగని చాయ్ గురించి అన్నట్టు.

"మొత్తం అయినంక వినిపిద్దామనుకున్న తాతా. అయ్యేలోపల నువ్వే..."

"ఏడ అయితదే అది? నేను ఇప్పటిదాంక ఇనుకుంటనే ఉన్న. మొదలున్నది గని తుద లేదు."

ఇట్లాంటి చోట అడగాల్సిన మాట కాదని మమతకు తెలుసు, అయినా అడగకుండా ఉండలేదు, మూడేళ్లు అందరి దగ్గరా అడిగి అలవాటైన ప్రాణం. "బాగుందా, తాతా?"

"నా దెబ్బ బాగనే ఉన్నది. నీదేది?"

"బేస్ నాదే. కోసింది నేనే, కట్టింది నేనే. అసలు ఆ ఫోన్‌ల మైకు మంచిది కాదు, గదిల సౌండు కొట్టుకుంటది, మంచి స్పీకర్లుంటే..."

"ఆడలేక మద్దెల ఓడన్నదట" అని బుచ్చయ్య నవ్వుతాడు. నోట్లో పళ్లు అన్నీ ఉన్నాయి. పోయేనాటికి ఆయనకు మూడే పళ్లు. "కొట్టుడు ఎవలకన్న వస్తది బిడ్డా, పదేండ్లు కొడితే ఎందుకు రాదు. మనిషెవలో ఎరుకయ్యేది ఆపేకాడ. మా అయ్య డప్పు ఆపితే చెరువవతల నాట్లేసేటోళ్లు గూడ, అగో మల్లయ్య ఆపిండు, అనేటోళ్లు. నువ్వు నేను ఆపకముందుకే కోసుకపోతివి."

ఆ మాట మమతకు చెంప మీద కొట్టినట్టుంటుంది, కోపం కూడా వస్తుంది, చచ్చినవాడి మీద కోపమేమిటని మళ్లీ సిగ్గూ వేస్తుంది. కుక్క దారి దాటుతుంది. బిందె వంగుతుంది.

ఇరవై అడుగుల దూరంలో, రోడ్డు వంపులో, మూడు రాళ్లు కనిపిస్తున్నాయి. దింపుడు కళ్లం అదే. పాడెను సగం దారిలో అక్కడ నేలకు దించి, డప్పులు ఆపి, పోయినవాళ్ల చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు, ప్రాణం ఎక్కడన్నా చిక్కుకొని ఉంటే పలుకుతుందని ఆశ, పలకకపోతే ఇక పోవచ్చునని సెలవు. జరగని దాని కోసం ఎదురుచూసేవాళ్లను చూసి లోకం దింపుడు కళ్లం ఆశ అని నవ్వుతుంది గానీ, ఆ రాళ్ల దగ్గర నిలబడ్డవాళ్లెవరూ నవ్వరు.

"గదే గద, తాతా. అగుపిస్తనే ఉన్నది. దించమను."

"డప్పు ఆగితేనే దించుతరు."

"ఆపు మరి."

"నా చేతుల ఉన్నదా?" అని ఆయన రెండు చేతులూ డప్పు మీంచి తీసి చూపిస్తాడు, దరువు మాత్రం మోగుతూనే ఉంటుంది, మోగుతున్నది మమత అరచేతిలో, ఫోన్లో, తాత చేతులు ఇంతసేపూ దాని వెంట ఊరికే ఆడుతున్నాయి.

పాడె వెనక తలకు తువ్వాలు చుట్టుకున్న ముసలాయన ఒకడు నడుస్తున్నాడు, ఇంతవరకూ మమత ఆయన్ని చూడనేలేదు. ఆయన నోరు తెరుస్తాడు, ఎవరినో పిలవబోతాడు, పిలుపు గొంతు దాకా వస్తుంది, అంతలో పేలాలు లేస్తాయి, నోరు మూతపడి మళ్లీ మొదటికి వస్తుంది. ఏడాది నుంచీ అట్లా తెరుస్తూ మూస్తూ ఉన్నాడు.

"ఆపితే ఏమైతది?" అంటుంది మమత.

"మాకేమైతది, దారి దొరుకుతది. నీకే, సప్పుడు పోతది."

నిజం చెప్పాలంటే ఆమె వెంటనే ఆపదు. ఇంకో మూడు చుట్లు పోనిస్తుంది, ఆ మూడు చుట్లలో ముసలాయన నోరు మూడుసార్లు తెరుచుకొని మూసుకుంటుంది, ఆమె అది చూస్తూనే పోనిస్తుంది, ఆ చప్పుడు పోతే మళ్లీ ఎవరికీ అక్కర్లేని మనిషినవుతానన్న భయం అట్లాంటిది. నాలుగో చుట్టులో ముందున్న మోసేవాడి మోకాలు వంగి పాడె ఒక పక్కకు ఒరుగుతుంది, అప్పుడు మమత రెండు చేతులతో ఫోన్‌ను పిండినట్టు నొక్కుతుంది.

అది ఆగుతుంది. అంత నిశ్శబ్దాన్ని ఆమె ఎన్నడూ వినలేదు.

పాడె మూడు రాళ్ల దగ్గర దిగి ఉంది. ఎప్పుడు దించారో తెలియదు. అందరూ చుట్టూ కూర్చొని మమత వంకే చూస్తున్నారు, బిందె పట్టుకున్న ఆడమనిషీ చూస్తోంది, కుక్కా చూస్తోంది.

"పిలువు" అంటాడు తాత.

"నేనా?"

"అందరు నీ సప్పుడంటున్నరు గద. నీదైతే పిలుపు గూడ నీదే."

"ఎవలు, తాతా? ఎవల సావు ఇది?"

"నన్నడుగుతవా? నువ్వు ఆడనే ఉంటివి."

ఉంది. డప్పు ఆగగానే రికార్డింగ్ బాగా వచ్చిందో లేదో చూసుకోవాలని ఫోన్ ఇంకా రికార్డు చేస్తుండగానే చెవుల్లో ఇయర్‌ఫోన్లు కుక్కుకుంది, తనకు కావలసింది దొరికిందని ఒక చేత్తో రికార్డింగ్ ఆపేసింది, పక్కనే జనం పాడె చుట్టూ కూర్చొని ఎవరినో పిలుస్తుంటే తాను అప్పుడే పట్టుకున్న దరువును మళ్లీ మొదటి నుంచి పెట్టుకొని తల ఊపుతూ నిలబడింది. పోయింది ఆడో మగో కూడా అడగలేదు. పెళ్లికీ తద్దినానికీ ఒకే మంత్రం అన్నట్టు ఆ చావును పట్టుకొచ్చి బారాతుల్లో వదిలింది. ఇన్నాళ్లకు ఇప్పుడు సిగ్గుతో ఆమె కుంచించుకుపోతుంది.

మోకాళ్ల మీద కూర్చుంటుంది. ముఖం మీది తెల్లబట్ట నోటి దగ్గర కొంచెం లోపలికి పోయి మళ్లీ పైకి లేస్తోంది. గాలి లేదు. ఆమెకు తెలిసిన పేరు ఒక్కటే, అదే నాలుక మీదికి వస్తుంది.

"బుచ్చయ్య తా..."

తాత అరచేయి ఆమె నోటి మీద పడుతుంది, మంట దగ్గర కాగిన తోలు వాసన, చిన్నప్పుడు ఆయన భుజం మీద నిద్రపోయేటప్పటి వాసన.

"నన్ను పిలువకు. పిలిస్తే వస్త."

"రా మరి" అంటుంది మమత ఆ చేతి కింద నుంచే, ఏడుస్తూ. "రావా తాతా."

"వస్తే నువ్వు పోనియ్యవు బిడ్డా. మల్ల కోసి కట్టేస్తవు."

తువ్వాలు ముసలాయన వంగి తెల్లబట్ట పక్కన నోరు పెడతాడు. పెదవులు కదులుతాయి, మాట వినిపించదు. ఒకసారి. మళ్లీ కదులుతాయి. రెండోసారి. తర్వాత తల పైకెత్తి మమతను చూస్తాడు, ఆయనతో పాటు మోసేవాళ్లూ, ఆడమనిషీ, కుక్కా అందరూ చూస్తారు, వంచిన బిందె అంచున నీళ్లు అట్లాగే నిలబడి ఉంటాయి.

"మూడోది నీకాడనే ఉండిపోయింది" అంటాడు బుచ్చయ్య, ఆయన గొంతు అప్పటికే చాలా దూరం నుంచి వస్తోంది.

నడిపగలు మెలకువ వస్తుంది. మమత కుర్చీలోనే ఉంది, హెడ్‌ఫోన్స్ చెవులకే ఉన్నాయి, వాటిలో లూప్ తిరుగుతూనే ఉంది. చప్పుడు బయటికి పోకుండా గోడలకు కొట్టిన బొంతలు, చల్లారిన చాయ్, రాపర్ కిశోర్ పంపిన మెసేజ్: ఆ సౌండే కావాలి అక్కా, వేరేది వద్దు. ఆమె లూప్ ఆపుతుంది. ఫోన్లో ఆనాటి అసలు రికార్డింగ్ వెతికి పట్టుకొని, తాను కోసిన చోటు దాటించి, ఆ తర్వాతిది మొదటిసారి వింటుంది.

తాత డప్పు ఆపుతాడు. రావాల్సిన దెబ్బ రాదు, రాదనుకున్నాక ఒక్క దెబ్బ, ఆ వెంటనే తోలు మీద అరచేయి. ఆయన ఎట్లా ఆపేవాడో ఆమెకు ఇప్పుడు తెలుస్తుంది. అడుగుల చప్పుడు, ఎవరిదో దగ్గు, తర్వాత ఒక ముసలాయన గొంతు, చాలా మెల్లగా, ఇంట్లో పక్కన పడుకున్న మనిషిని లేపుతున్నట్టు, "రాజవ్వా." కాసేపు ఏమీ ఉండదు. మళ్లీ, "రాజవ్వా." ఆ తర్వాత ఫోన్ మీద వేలు రాసుకున్న గరగర, అది మమత వేలే, అక్కడితో రికార్డింగ్ అయిపోతుంది.

ఆమె హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెడుతుంది. "రాజవ్వా" అని పైకి పిలుస్తుంది, తన గొంతు తనకే కొత్తగా ఉంటుంది. అక్కడ కూర్చున్నవాళ్లు ఎదురుచూసినట్టే కాసేపు ఎదురుచూస్తుంది. ఎవరూ పలకరు. అప్పుడు కంప్యూటర్ తెర మీది పదమూడు సెకన్లను చెరిపేస్తుంది.

బయట గల్లీలో ఎవరో వాకిట్లో బిందెడు నీళ్లు కుమ్మరిస్తారు. ఈసారి అవి నేల మీద పడిన చప్పుడు వినిపిస్తుంది.