నాగవేణి రాసిచ్చిన ఆప్షన్లు

గురజాల బస్టాండు ఎదురుగా ఉన్న నెట్ సెంటర్ నాదే. పదో తరగతి పాసైన పిల్లలందరికీ పాలిటెక్నిక్ కౌన్సెలింగులో ఏ కాలేజీలో ఏ బ్రాంచి ముందు కావాలో ఆప్షన్లు నేనే పెడతాను. "ఉపేంద్ర పెడితే సీటొచ్చినట్టే" అని జనం అంటుంటే నేనూ నమ్మాను. ఆ పొగరే కొంప ముంచింది. నా కొంప కాదు, నాగవేణి కొంప.

నాగవేణి మా వీధి చిన్నకోటయ్యన్న కూతురు. ఆయన దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీకి రాయి లారీ తోలుతాడు. రెండేళ్లుగా సెలవులొస్తే ఆ పిల్ల నా కొట్లోనే ఉండేది. పనికిరావని పక్కన పడేసిన మదర్‌బోర్డులు ముందేసుకుని, మీటరు పెట్టి చూసి, సోల్డరింగ్ చేసి, ఒకదాన్ని బతికించిన రోజున గంతులేసింది. "మిషన్ తనంతట తాను తప్పు చెయ్యదే పిచ్చిదానా! ఎవడో వేలు పెట్టే ఉంటాడు, వెతుకు" అని నేనే నేర్పాను.

పాలిటెక్నిక్ ఆప్షన్లు కాగితం మీద రాసుకొచ్చింది. మొదటిది ఎలక్ట్రానిక్స్.

"నేను బోర్డుల పనే చెయ్యాల బాబాయ్. కంప్యూటర్ బ్రాంచిలో చానావరకు ప్రోగ్రాములే అంట, నాకొద్దు."

నాకు ఒళ్లు మండింది. "నన్ను చూసైనా బుద్ధి తెచ్చుకోవే! ఇరవై ఏళ్లు హార్డ్‌వేర్ పని చేసి ఏం బావుకున్నా? పాడైతే పారేసి కొత్తది కొంటున్నారు."

"నా కాయితంలో ఉన్నట్టే పెట్టు బాబాయ్" అని చెప్పి వెళ్లిపోయింది.

ఆఖరి విడత, ఆఖరి రోజు. కొట్టు నిండా జనం. నాగవేణికి కంప్యూటర్ బ్రాంచిని మొదట పెట్టాను. పిల్ల బాగు కోసమే అనుకున్నాను, ఒట్టు. ఫోన్ చేస్తే చిన్నకోటయ్యన్న లారీ పక్కకు ఆపి ఓటీపీ చెప్పాడు.

"ఏంది అబ్బాయ్, మా పిల్ల రాసిచ్చినట్టే పెట్టావుగా?"

"ఆ, అంతే అన్నా."

ఫ్రీజ్ కొట్టాను. ఇక మార్చే వీలు లేదు.

సీటు కంప్యూటర్ బ్రాంచిలోనే వచ్చింది. అదే కాలేజీలో ఎలక్ట్రానిక్స్ సీట్లు ఇంకా మిగిలే ఉన్నాయి. నాగవేణి రాసిచ్చినట్టే పెట్టుంటే అదే వచ్చేది.

మర్నాడు నాగవేణి అలాట్‌మెంటు కాగితంతో వచ్చింది. అది అడగకముందే నేనే అందుకున్నాను.

"సర్వర్ తప్పమ్మా. వరసలు తారుమారు చేసింది" అన్నాను.

నేనిచ్చిన స్క్రూడ్రైవర్ల డబ్బా సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది.

"మిషన్ తనంతట తాను తప్పు చెయ్యదని నువ్వే గదా బాబాయ్ చెప్పింది."

గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"మా నాన్నకు మాత్రం సర్వర్ తప్పనే చెప్పు. నిజం తెలిస్తే నీ మీదికొస్తాడు."

సాయంత్రం చిన్నకోటయ్యన్న వచ్చి అడిగితే అదే చెప్పాను. "పోనీలే, నువ్వు మాత్రం ఏం జేస్తావు అబ్బాయ్" అని నాకు టీ కూడా తాగించాడు.