మాన్తులి లేవలేదు

పొయ్యిమీద గంజి అడుగంటుతున్న వాసన వచ్చినా మాన్తులి చూపు గుమ్మంమీది నుంచి కదలలేదు. మరిది ముజివుకిలే ఇంకా రాలేదు. సభకు పోయేముందు అతను ఒక్కసారి ఇంటికి వచ్చి, నీ మాటే చెబుతాను వదినా అంటే చాలునని ఆమె తెల్లవారినప్పటి నుంచి ఎదురుచూస్తున్నది. రాలేదంటే దాని అర్థమేమిటో ఆమెకు తెలుసు. తెలిసినదానిని ఒప్పుకోవడానికే మనసు రావడంలేదు.

కొండ అవతల ఉన్న బొగ్గు గని ఇవతలికి రావాలనుకుంటున్నది. వస్తే ఆమె ఇల్లూ, పశువుల దొడ్డీ, దొడ్డి పక్కన ఏడాదైనా తిరగని భర్త సమాధీ అన్నీ లేవవలసిందే. ఇటుక ఇళ్ళు కట్టిస్తామనీ, పడుచువాళ్ళకు పనులిస్తామనీ, సమాధులను మర్యాదగా తరలిస్తామనీ గనివాళ్ళు మాట ఇచ్చారు. అందుకు పేట మొత్తం ఒప్పుకోవాలి. ఆ సంగతి ఈ రోజు సభలో తేలుతుంది.

సభలో ఓట్లుండవు. మాట్లాడదలచిన ప్రతివాళ్ళూ మాట్లాడతారు, తక్కినవాళ్ళు చివరిదాకా వింటారు. ఇక చెప్పేవాళ్ళు లేరన్నప్పుడు పేటకు పెద్ద అయిన ఇండునా సిబియా అందరి మాటనూ ఒక్కటిగా కూర్చి చెబుతాడు. అప్పుడు నోరు మెదపనివాళ్ళు ఒప్పుకున్నవాళ్ళ కిందే లెక్క. పుట్టినప్పటి నుంచి మాన్తులి ఎరిగిన న్యాయం ఇదే. అందులో లోపమున్నదని ఆమెకు ఏనాడూ తోచలేదు, తాను నల్లబట్టలు కట్టేదాకా.

భర్త పోయిన స్త్రీ ఏడాదిపాటు నలుపు విడవకూడదు. ఆ ఏడాది గొంతు పెంచకూడదు, జనం మధ్య నిలబడి మాట్లాడకూడదు. సభకు అందరికన్న ఆఖరున వచ్చి, వాకిలి దగ్గర చాపమీద కూర్చుని, అందరికన్న ముందు లేచి వెళ్ళిపోవాలి. ఆమెకన్న ముందు ఎవరూ గడప దాటరు. దాటితే ఆమెమీది చీకటి వాళ్ళ వెంట ఇంటికి వస్తుందని భయం.

"అమ్మా, మాడిపోతోంది!" అంటూ కూతురు నొంటొబెకో కుండ దించింది. "ఇంక చూడకు. బాబాయి అటునుంచి అటే సభకి పోయాడంట. గనివాళ్ళ బండిలో."

"బండెక్కాడా?"

"ముందు సీట్లో కూర్చున్నాడంట, దొరలాగా. మాద్లాద్లా అవ్వ చెయ్యూపితే చూడనట్టు పోయాడంట."

మాన్తులి నల్లటి శాలువా అంచును పిన్నుతో గుచ్చుకోబోయి వేలు పొడుచుకున్నది.

"నువ్వే మాట్లాడమ్మా," అన్నది నొంటొబెకో. "మొన్న ఎలక్షన్లో ఈ నల్లబట్టల్తోనే పోయి ఓటేశావుగా. నీ ఓటూ ఇండునా ఓటూ ఒక్కటే కదా!"

"అక్కడ అట్ట చాటున గీత గీశాను. నన్ను చూసిందెవరే? ఇక్కడ ఊరంతా చూస్తుంది. రేపు ఎవరి ఆవు చచ్చినా, ఎవరి బిడ్డకి జ్వరమొచ్చినా, మాన్తులి నోరు తెరిచింది కాబట్టే అంటారు. మీ నాన్నని కూడా అంటారు."

"మరి ఊరుకుంటే నాన్నని తవ్వుతారు."

కిందటి సభలో గని వద్దన్నవాడు పొరుగింటి దుబాజానా ఒక్కడే. వారం తిరగకముందే అతని గడ్డివాము తగలబడింది. ఎవరు తగలబెట్టారని ఎవరూ అడగలేదు. అడగకపోవడమే ఆమెను ఎక్కువగా భయపెట్టింది.

సభ జరిగే రేకుల హాలుకు ఉన్నది ఒక్కటే వాకిలి. మాన్తులి వెళ్ళేసరికి లోపల కాలు పెట్టే చోటు లేదు. గడప లోపల చాప పరుచుకుని తల వంచుకు కూర్చున్నది. ముందు వరుసలో మరిది వీపు కనబడుతున్నది. కొత్త జాకెట్టు. అతను వెనక్కి తిరగలేదు.

గనివాళ్ళ తరఫున లుంగెలో అనే కుర్ర ఆఫీసరు మాట్లాడాడు. డర్బన్‌లో చదువుకున్నవాడు, మాట నున్నగా ఉన్నది. ఇటుక ఇళ్ళ బొమ్మలు చూపించాడు.

"బాగానే ఉన్నాయి బాబూ," అన్నాడు ఒక ముసలాయన. "అన్నీ నలుచదరం గదులే. మా పోయిన తాతముత్తాతలు గుండ్రటి గుడిసెలో వెనక గోడ దగ్గర ఉంటారు. వాళ్ళకి ఏ గది ఇస్తావు? వంటగదా, స్నానాల గదా?"

హాలంతా నవ్వింది. లుంగెలో కూడా నవ్వాడు. మాన్తులికి నవ్వు రాలేదు. ఆ నవ్వులోనే పొద్దు వాలిపోతున్నదనీ, ముజివుకిలే ఏ క్షణాన లేస్తాడోననీ ఆమె అతని వీపునే చూస్తున్నది.

అతను లేచాడు. "జోండి ఇంటి తరఫున చెబుతున్నాను. మా అన్న లేడు. ఇంటికి మగవాణ్ణి నేనే. మా ఇల్లు ఒప్పుకుంది."

మాన్తులి అతని చేతులను చూసింది. పట్నం ఆసుపత్రిలో భర్త కన్నుమూస్తే, ఆయన ఆత్మను ఇంటికి తీసుకురావడానికి ముళ్ళచెట్టు కొమ్మ పట్టుకుని వెళ్ళినవి ఆ చేతులే. టాక్సీలో కొమ్మకు వేరే సీటు తీసుకుని, దారిలో మరెవరితోనూ పలకకుండా, అన్నా ఇది వంతెన, అన్నా ఇది మన మలుపు అని కొమ్మతోనే చెప్పుకుంటూ వచ్చాడు.

"మరైతే చేతులెత్తించేద్దామండీ," అన్నాడు లుంగెలో గడియారం చూసుకుంటూ. "ఎక్కువమంది ఎటుంటే అటు. ప్రజాస్వామ్యమంటే అదే కదా!"

హాలులో గుసగుసలు లేచాయి. మాద్లాద్లా అవ్వ కర్ర నేలకు తాటించింది. "చేతులు లెక్కపెడతావా నాయనా? మేమేమన్నా సంతకి తోలుకొచ్చిన మేకలమా? ఎత్తనివాళ్ళని ఏం చేస్తావు, నదిలో పారేస్తావా? రేపు పొద్దున వాళ్ళ మొహం చూడాల్సింది మేము, నువ్వు కాదు."

"ఇక్కడ లెక్కలు లేవు," అన్నాడు ఇండునా. "మాట ఉంది, అంతే. ఇంకా చెప్పేవాళ్ళున్నారా?"

ఎవరూ కదలలేదు. దుబాజానా తన బూట్లను చూసుకుంటున్నాడు. అవ్వ కూడా కర్రమీద గడ్డం ఆనించుకుని ఊరుకున్నది. ఈ మౌనం ఒప్పుకోలు కాదనీ, కాలిన గడ్డి వాసన అనీ మాన్తులికి తెలుసు. ఇండునాకూ తెలిసే ఉండాలి. నోటిదాకా వచ్చిన మాటను ఆమె పళ్ళ వెనుకనే ఆపుకున్నది.

"ఉన్నారా?" ఇండునా మళ్ళీ అడిగాడు. కాసేపు ఆగాడు. "అయితే పేట ఒప్పుకున్నట్టే. సభ ముగిసింది. మాన్తులీ, లే తల్లీ, నీ వెనక మేమూ కదులుతాం."

మాన్తులి లేవడానికి చేయి నేలకు ఆనించింది. లేస్తే అంతా అయిపోతుంది. గడప దాటిన మరుక్షణం ఈ జనం విడిపోతారు, మాటకు ముద్ర పడిపోతుంది. ఆనించిన చేయి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నది. ముందుగా ఆలోచించి చేసిన పని కాదది.

"కాళ్ళు తిమ్మిరెక్కినట్టున్నాయి, పట్టి లేపండి," అన్నది ఒకావిడ. నొంటొబెకో వంగి చేయి అందించింది. మాన్తులి తల అడ్డంగా ఊపింది.

జనం లేచి నిలబడ్డారు. నిలబడి ఊరుకున్నారు. లుంగెలో సంచి భుజాన వేసుకుని వాకిటిదాకా వచ్చి ఆగిపోయాడు. ఎంత చదివినా అతనూ ఈ నేలమీది తల్లి కన్నబిడ్డే.

"ఏంటమ్మా ఇది?" ఇండునా గొంతులో విసుగు. "పొద్దుపోతోంది. పశువులు ఇళ్ళకొచ్చే వేళ."

ఆమె తల ఎత్తలేదు. ఏ క్షణాన ఎవరు దాటుకుపోతారో, ఎవరు తన జబ్బ పట్టి లాగుతారోనని వీపు బిగుసుకుపోయింది. ఆచారం ఆమె నోరు కట్టింది. అదే ఆచారం ఇప్పుడు ఊరందరి కాళ్ళూ కట్టింది. ఎంతసేపు కడుతుందో మాత్రం ఆమెకు తెలియదు.

ముజివుకిలే జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆమె పక్కన గొంతుకూర్చున్నాడు. మొహం చెమటతో తడిసి ఉన్నది. "వదినా, నా పరువు తియ్యకు. లే. డ్రైవర్ పని ఇస్తామన్నారు. ఆ పనితో నొంటొబెకోని నేనే చదివిస్తాను."

మాన్తులి గొంతు పెంచలేదు. పెదవులు కదిలాయి, అంతే. "కొమ్మ పట్టుకుని వాకిట్లోకొచ్చినప్పుడు మీ అన్నతో ఏమన్నావు?"

అతను కొత్త జాకెట్టు అంచు సర్దుకున్నాడు.

"నేను విన్నాను ముజివుకిలే. ఏమన్నావు?"

"ఇల్లొచ్చింది అన్నా," అన్నాడతను. "ఇక నిన్నెవరూ కదపరు."

అతను లేచి నిలబడినప్పుడు గనివాళ్ళ వైపు చూడలేదు. "ఇండునా, నేను తొందరపడ్డాను. మా ఇంట్లో మాట ఇంకా తెగలేదు."

"ముందు సీటు పోయిందిరా నీకు!" అని ఎవరో వెనుకనుంచి అన్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"మా ఇంట్లోనూ తెగలేదు," అన్నాడు దుబాజానా. అంతటితో ఆగక, "నా వాము తగలబెట్టినాయన ఇక్కడే ఉంటే వినమనండి," అన్నాడు. అతని తర్వాత ఇంకొకరు, వెనుక గోడ దగ్గరనుంచి మరొక స్త్రీ. అవ్వ కర్రతో మాన్తులిని చూపించి ఇండునా మొహంలోకి సూటిగా చూసింది.

ఇండునా మళ్ళీ కూర్చుని టోపీ తీసి మోకాలిమీద పెట్టుకున్నాడు. "మాట ఒక్కటి కాలేదు," అన్నాడు చివరకు. "మాన్తులి నలుపు తీసిన తర్వాత మళ్ళీ కూర్చుందాం. ఆమె నోటితోనే విందాం."

"సార్, అప్పటిదాకా మావాళ్ళు ఆగరు," అన్నాడు లుంగెలో. "వేరే దారి చూసుకుంటారు."

"చూసుకోనీ," అన్నాడు ఇండునా. ఆ మాటలో ధైర్యమెంతో, నటన ఎంతో మాన్తులి తేల్చుకోలేకపోయింది.

ఆమె కూతురి చేయి పట్టుకుని లేచి గడప దాటింది. వెనుక అడుగుల చప్పుడు మొదలైంది. గనివాళ్ళ బండి పక్కనుంచి దుమ్ము లేపుకుంటూ పోయింది. దాని ముందు సీటు ఖాళీగా ఉన్నది. కొంతదూరం పోయాక మాన్తులి ఇల్లు కనిపించే మలుపులో ఆగి, కారణమేమీ లేకుండా చాలాసేపు అక్కడే నిలిచి, అప్పుడు కదిలింది.

ఆమె ఇల్లు చేరింది. దూరంగా వెనుకనే నడిచివచ్చిన ముజివుకిలే లోపలికి రాలేదు. కొత్త జాకెట్టు విప్పి దొడ్డి గుంజకు తగిలించి, గుడిసెకు ఆనుకుని ఉన్న గడ్డివాము దగ్గరికి వెళ్ళాడు. మోపు తరువాత మోపు ఎత్తి, గుడిసెకు దూరంగా, బోసినేలమీదికి మోయడం మొదలుపెట్టాడు. ఎందుకని మాన్తులి అడగలేదు. నొంటొబెకోను నీళ్ళ డ్రమ్ములు నింపమని పంపి, తానూ ఒక మోపు అందుకున్నది.