సినిమా హాలు ఉండిన చోటు

మనాగ్వా నగరంలో ఇళ్ళకు నంబర్లు లేవు. యాదెర్‌ని సైన్యంలో చేరమన్న కాగితం మీద కూడా చిరునామా "సినిమా హాలు ఉండిన చోటునుంచి సరస్సు వైపు రెండు వీధులు" అనే ఉంది. ఆ హాలు భూకంపంలో కూలి పదహారేళ్ళయింది. వచ్చే సైనికులు కొండ ప్రాంతం వాళ్ళు, వాళ్ళకేం తెలుస్తుంది? అడిగితే తలో దారీ చూపించమని యాదెర్ తల్లి తెర్సీలా ఇంటింటికీ తిరిగి చెప్పింది. దేశంలో సాగుతున్న యుద్ధం నుంచి ఆ వీధికి ఇప్పటికే నాలుగు శవపేటికలు వచ్చాయి. ఒక్కదాని మూతా తియ్యనివ్వలేదు. పదిహేడేళ్ళ కొడుకుని ఆమె చచ్చినా ఇవ్వదు.

పొద్దున్నే ట్రక్కు వచ్చింది. రొట్టెలమ్మే ఆమె కిందికి పొమ్మంది, మంగలి పైకి పొమ్మన్నాడు. మూడోసారి చుట్టి వచ్చేసరికి లెఫ్టినెంటుకి తలప్రాణం తోకకొచ్చింది. అరుగు మీద తెర్సీలా మామగారు, ఎవారిస్తో అనే ముసలాయన కూర్చునున్నాడు. ఆయన దగ్గర ఆగాడు.

"తాతా, సినిమా హాలు ఆ బేకరీ పక్కనుండేదట గదా?"

"ఏ వెధవ చెప్పాడు? ఇరవై ఏళ్ళు అందులో టికెట్లు చింపినోణ్ణి నేను! అదిగో, ఆ చివర మొండిగోడ. అక్కణ్ణించి రెండు వీధులంటే మా ఇల్లే!"

తెర్సీలాకి ఒళ్ళు మండిపోయింది. "మామయ్యా, మీ నోరు పడిపోను! లక్షసార్లు చెప్పానే!"

"హాలు బేకరీ పక్కనంటే ఎట్టా ఊరుకునేదే?" అని, అప్పుడు గానీ ముసలాయన నాలుక కరుచుకోలేదు.

నీళ్ళ పీపా వెనక నుంచి యాదెర్‌ని ఈడ్చుకొచ్చి ట్రక్కెక్కించారు. తెర్సీలా వెళ్ళి చక్రాల ముందు చతికిలబడింది. చేతులకంటిన పిండితోనే వీధిలో ఆడవాళ్ళంతా వచ్చి ఆమె పక్కన కూర్చున్నారు.

"లేవండమ్మా! నా ఉద్యోగం ఊడుద్ది!" అన్నాడు లెఫ్టినెంటు.

"ఉద్యోగం ఇంకోటి దొరుకుద్ది నాయనా. నాకు ఇంకో యాదెర్ దొరుకుతాడా?"

గంట గడిచింది, ఎండ మాడ్చేస్తోంది. డ్రైవరు ఇంజను ఆపేసి, స్టీరింగు మీద తల వాల్చేశాడు.

"దించండ్రా వాణ్ణి," అన్నాడు లెఫ్టినెంటు విసిగిపోయి. "ఎల్లుండి రెండు ట్రక్కుల మందితో వస్తా. ఇల్లు తెలిసిందిగా."

వీధంతా ఈలలు, చప్పట్లు. తెర్సీలా మాత్రం లోపలికెళ్ళి రెండు చొక్కాలు సంచిలో కుక్కింది. మధ్యాహ్నం, దేశం దాటిపొమ్మని, దక్షిణ సరిహద్దుకి పోయే అరటికాయల లారీలో కొడుకుని ఎక్కించింది.

"ఎప్పుడు రావాలమ్మా?"

"ఉత్తరం కూడా రాయకు, సైన్యంవాళ్ళు విప్పి చదువుతారు," అంది. ఎవరికీ ఇవ్వనన్న కొడుకుని తన చేతులతోనే పంపేసింది.