దుంగ దగ్గర ఎకనామిక్స్

స్వామి మాస్టారికి కోపం తెప్పించాలంటే ఆయన్ని తిట్టక్కర్లేదు. ఆయన వేసిన అకడమిక్ క్యాలెండర్‌లో ఒక్క తేదీ మార్చమంటే చాలు, మొహం కందగడ్డ అయిపోతుంది. సాలూరు నుంచి ఘాట్ ఎక్కాక కొండల మధ్య ఉన్న డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేదీ ఆయనే, అకడమిక్ కోఆర్డినేటరూ ఆయనే. అదేదో పెద్ద పదవని బొబ్బిలిలో అత్తవారు మురిసిపోతారు గానీ, పనిదినాలు తగ్గినప్పుడల్లా యూనివర్సిటీ చేత చీవాట్లు తినే ఉద్యోగమని మాస్టారు వాళ్ళకి ఎన్నడూ చెప్పలేదు.

కొండ మీదికొచ్చి నాలుగేళ్ళు. ఈ నాలుగేళ్ళలో ఆయన క్యాలెండర్‌కి లొంగనిది ఒక్కటే, ఇక్కడి గిరిజనుల ఇటుకల పండగ. చైత్రంలో వస్తుంది, అంతవరకూ ఖాయం. ఏ రోజన్నది మాత్రం ఏ ఊరికా ఊరి పెద్దలు కూర్చుని తేల్చుకోవాలి. ఒక ఊళ్ళో అయిపోయేసరికి పక్క ఊళ్ళో మొదలు. మగవాళ్ళు వేటకని అడవికి పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా దుంగ పెట్టి, వచ్చేపోయే బళ్ళని ఆపి, ఆడి పాడి, ఎంతో కొంత పుచ్చుకుని గానీ వదలరు. ఇక ఆ నెలలో క్లాసులో ఎవరుంటారో దేవుడికే తెలియాలి. "ప్రింటులో ఇమిడే పండగ కాదులెండి" అని ప్రిన్సిపాల్ గారు ఏటా నవ్వేస్తారు. మాస్టారికి ఒళ్ళు మండుతుంది.

ఈ ఏడాది మంటతో పాటు భయం కూడా పట్టుకుంది. బి.ఏ. ఎకనామిక్స్‌లో హాజరు పల్చగా ఉందని యూనివర్సిటీకి అనుమానం వచ్చింది. కమిటీ వచ్చి కళ్ళారా చూస్తుందట, క్లాసు ఖాళీగా ఉంటే వచ్చే ఏడాది నుంచి సెక్షన్‌ని సాలూరుకి దించేస్తుందట. ఆ సెక్షన్‌లో దాదాపు అందరూ ఆడపిల్లలే. నడిచో, ఆటో ఎక్కో రోజూ ఇళ్ళ నుంచి వచ్చి చదువుకునేవాళ్ళు. దించితే వాళ్ళలో ఎంతమంది దిగుతారో ఊహించుకుంటేనే మాస్టారికి అన్నం సహించడం మానేసింది. అందుకే అన్ని ఊళ్ళలో పండగ అయ్యాక నెలాఖరున రమ్మని కమిటీని బతిమాలి ఒప్పించారు.

ఒప్పుకున్న కమిటీ ఒక సాయంత్రం ఫోన్ చేసి, నెలాఖరున తీరిక లేదు, రేపు పొద్దున్నే వచ్చేస్తున్నామంది.

పిల్లల వాట్సాప్ గ్రూపులో మాస్టారు మెసేజ్ మీద మెసేజ్ పెట్టారు. ఒక్కరూ చూడలేదు. తెల్లారగానే బండి తీసి, తన క్లాసు పిల్లలు ఎక్కువగా ఉండే ఊరి వైపు బయల్దేరారు. దొరికినవాళ్ళని దొరికినట్టు ఆటోల్లో ఎక్కించి తెచ్చేద్దామని ఆయన ఆశ. ఊరి ముందు మలుపు తిరిగేసరికి రోడ్డుకి అడ్డంగా దుంగ, దుంగ వెనక ఆయన క్లాసు.

"ఏటి సార్, మీరే వచ్చీసినారు! దొరికిపోనారు!" అంటూ ముందుకొచ్చింది సాయిదుర్గ. క్లాసులో ప్రశ్న వేస్తే బల్ల కిందికి చూసే గుంట. ఇప్పుడు కొప్పులో పూలు పెట్టుకుని, నడుం మీద చెయ్యేసుకుని పోలీసు దారోగాలా నిలబడింది.

"మీకు దండం పెడతానర్రా, కాలేజీకి పదండి. కమిటీ ఈ పూటే వస్తోంది. మీరు లేకపోతే సెక్షన్ ఎత్తేస్తారు."

పిల్లలు రోడ్డు పక్క బండ మీద కూర్చున్న రాజులమ్మ వైపు చూశారు. ఆవిడ సాయిదుర్గ తల్లి. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ ఆవిడ మాటే మాట.

"అడివికెల్లినోల్లు తిరిగొచ్చేదాకా దుంగ ఒదలకూడదు బాబూ" అంది రాజులమ్మ. "రేపు రమ్మను మీ కమిటీని, అందర్నీ పంపుతాను."

రేపు రమ్మనడానికి వాళ్ళేమైనా చుట్టాలా అని మాస్టారు అనేలోపే దుంగ అవతల సాలూరు వైపు నుంచి హారన్ మోగింది. తెల్ల కారు, అద్దం మీద యూనివర్సిటీ కాగితం. కారు కనబడ్డాక పిల్లలు ఆగుతారా? సెక్షన్ భయం సెక్షన్‌దే, పండగ పండగదే. డప్పు అందుకుంది, అందరూ కారుని చుట్టుముట్టి పాట ఎత్తుకున్నారు. మధ్యలో మాస్టారు చేతులూపుతూ "ఆగండి, ఆగండి" అని కేకలేస్తుంటే ఆయనా ఆడుతున్నారనుకుని ఇంకా హుషారెక్కారు.

కారులోంచి కమిటీ పెద్ద గాయత్రి మేడం దిగారు. ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు లేరని జిల్లా అంతా చెప్పుకుంటారు.

"ఎవరు వీళ్ళంతా?"

ఊరివాళ్ళని చెప్పేస్తే గొడవ వదిలిపోయేది. ఆ మాట మాస్టారి నోటి దాకా వచ్చింది కూడా. కానీ తన పిల్లల్ని పట్టుకుని తనవాళ్ళు కారని చెప్పడానికి ఆయనకి మనసొప్పలేదు. "మా ఎకనామిక్స్ విద్యార్థులు మేడం. ఈపాటికి క్లాసులో ఉండాల్సినవాళ్ళు."

"అయితే క్లాసు మొదలుపెట్టండి. చూడడానికే వచ్చాం."

"ఇక్కడా మేడం?"

"పిల్లలు ఇక్కడే ఉన్నారు కదా."

మాస్టారు పాఠం ఎక్కడ ఎత్తుకోవాలో తోచక దుంగ వంక చూశారు. "సాయిదుర్గా, పొద్దుట్నుంచి ఎవరి దగ్గర ఎంత పుచ్చుకుంటున్నారు?"

"మనిషిని బట్టి సార్" అంది సాయిదుర్గ. బల్ల లేదు కాబట్టి తల దించుకోలేదు. "టూరిస్టు కారైతే గట్టిగా అడుగుతాం. ఆటోవోడు రోజూ తిరిగేవోడు, ఆడికాడ ఏటుంటది? ఇచ్చింది పుచ్చుకుంటాం. అంబులెన్సొస్తే అడక్కుండానే లేపేత్తాం."

"దాటేది ఒకటే దుంగ, ధర మాత్రం మనిషికొకటి. దీన్ని పుస్తకంలో ఏమన్నాం?"

"ధరల విచక్షణ!" అని అందరూ అరిచారు. డప్పు కొట్టే ఆవిడకి ఏమర్థమైందో, గట్టిగా ఒక దరువేసింది.

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. "మరి టూరిస్టులని ఇంకా ఎక్కువ అడగొచ్చుగా?"

"అడిగితే ఎనక్కి తిప్పుకుని ఇంకో దారంట పోతారు సార్. ఇందాకొకడు అలాగే పోనాడు."

"దాన్నేమంటాం?"

"డిమాండ్ వ్యాకోచత్వం!"

పాఠం రాజులమ్మకి కూడా నచ్చింది కాబోలు, బండ మీంచే అందుకుంది. "అందుకే బాబూ ఊరికో రోజు పండగ. అన్ని ఊళ్ళోల్లం ఒక్కపాలే దుంగలెడితే బళ్ళోల్లు ఎంతమందికిత్తారు?" అని కిసుక్కున నవ్వింది. నిజమే చెప్పిందో, వేళాకోళమే ఆడిందో మాస్టారికి ఈనాటికీ తెలియదు. గాయత్రి మేడం మాత్రం కారు డోరు పట్టుకుని విరగబడి నవ్వారు. జిల్లా అంతా చెప్పుకునే మాట అబద్ధమైపోయింది.

నవ్వు సర్దుకున్నాక ఆవిడ అడిగారు. "సెక్షన్ సాలూరులో పెడితే మీలో ఎంతమంది వస్తారు?"

ఒక్క చెయ్యి లేవలేదు. మాస్టారు పిల్లల మొహాలు చూడలేక కొండ వైపు తిరిగారు.

"నాను రాలేను మేడం" అంది సాయిదుర్గ. "రావాలనే ఉంటది. అక్కడ ఉంచి సదివించే ఓపిక మా ఇంట్లో లేదు. మానేత్తాను."

రాజులమ్మ బండ దిగి వచ్చి కూతురు పక్కన నిలబడింది. "కాలేజీ ఇక్కడుందనే పంపుతన్నాను తల్లీ. మా ఇంట్లో సదివిన మొదటి గుంట ఇదే."

గాయత్రి మేడం వెనక సీటులో ఉన్న ఇద్దరు సభ్యులతో ఏదో మాట్లాడి మళ్ళీ వచ్చారు. "సెక్షన్ ఇక్కడే ఉండాలని రిపోర్టు రాస్తాం. ఎక్కడికీ పంపం" అన్నారు పిల్లలతో. తర్వాత మాస్టారి వైపు తిరిగారు. "తప్పు పిల్లల హాజరులో లేదండీ, మీ క్యాలెండర్‌లో ఉంది."

పిల్లల కేకలకి చెట్ల మీది పిట్టలన్నీ లేచిపోయాయి. మాస్టారికి కళ్ళు నిండిపోయాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. ఆయన బతుకులో ఇంత సంతోషం ఎప్పుడు కలిగిందో గుర్తు రాలేదు. మేడం కూడా ఇవ్వాల్సింది ఇచ్చి, ఆడేవాళ్ళ వరసలో నాలుగడుగులు వేసి కారెక్కారు. దుంగ లేచింది, కారు కాలేజీ వైపు వెళ్ళిపోయింది.

మాస్టారు కూడా బండి తిప్పుకోబోతుంటే రాజులమ్మ హ్యాండిల్ పట్టుకుంది.

"బాబూ, ఈళ్ళ పరీక్షలెప్పుడు?"

ఆయన తేదీలు చెప్పారు. ఆవిడ వాటిని నోట్లోనే ఒకసారి అనుకుంది. "పండగ అవ్వని ఊళ్ళింకా ఉన్నాయి. ఆ రోజుల్లో ఎట్టుకోవద్దని పెద్దలకి కబురెడతాను. గుంటలు సక్కగా రాసుకుంటారు."

"అలా మార్చుకుంటారా?" అన్నారు మాస్టారు నమ్మలేక.

"ఎందుకు మార్చుకోరు? మా పిల్లలే కదా." రాజులమ్మ ఆయన్ని వింతగా చూసింది. "నాలుగేళ్ళ బట్టీ ఇక్కడే ఉన్నావు. ఒక్కపాలి వచ్చి సెప్పొచ్చు కదా బాబూ?"