ఆవిరి మీద పేర్లు

ఉప్మాకి ఎసరు మరుగుతుంటే వంటింటి కిటికీ అద్దానికి ఆవిరి పట్టింది. దేదీప్య అలవాటు కొద్దీ చూపుడువేలు ఎత్తి, మళ్ళీ దించేసింది. అమెరికాలోని ఆష్‌బర్న్‌లో ఆ చలికాలమంతా ఆమె పని ఈ అద్దం మీదే. భర్త శ్రేయాస్ స్నేహితులతో కలిసి తీసిన సినిమాకి టైటిల్స్ ఇక్కడే పుట్టాయి. ఒక్కో పేరూ ఆవిరి మీద వేలితో రాయడం, అక్షరాల అంచుల నుంచి నీళ్ళు జారుతుంటే కెమెరాలో పట్టడం, సరిగ్గా రాకపోతే తుడిచేసి మళ్ళీ నీళ్ళు మరిగించడం. వంటింట్లో నలిగిపోయిన ఒక ఇల్లాలి కథ మరి ఆ సినిమా! ఆ ఇల్లాలి కష్టం గురించి హాల్లో గంటలకొద్దీ చర్చించిన మహానుభావులకి టీలు అందించింది కూడా దేదీప్యే.

సాయంత్రమే ప్రివ్యూ. హాల్లోంచి శ్రేయాస్ కేకేశాడు.

"దేదీ, చిన్న చేంజ్. టైటిల్ డిజైన్ కార్డులో నీ పేరు తీసేసి దేవ్ పేరు పెట్టు. థియేటర్ వాడే బుక్ చేశాడు, ఎక్కడో ఒకచోట క్రెడిట్ ఇవ్వాలిగా."

"దేవ్ ఏం డిజైన్ చేశాడు?"

"అబ్బా, ఎవరు చూస్తారే! ఏదో ఫాంట్ అనుకుంటారు. అయినా మనిద్దరం వేరా? నా పేరుంటే నీ పేరున్నట్టే కదా."

"వదినా, ఉప్మాలో జీడిపప్పు కాస్త ఎక్కువెయ్యండి," అన్నాడు శ్రేయాస్ పక్కనే కూర్చున్న స్నేహితుడు దేవ్.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఫాంటట! వేలికొస నాని ముడతలు పడేదాకా రాస్తే ఫాంటట! షూటింగ్‌కి సమోసాలు తెచ్చినాయన పేరూ రాసింది, కుక్కని ఒక పూట అరువిచ్చినాయన పేరూ రాసింది. వాటి మధ్య తన పేరొక్కటి బరువైపోయిందా? పెళ్ళైన కొత్తలో అత్తగారు, "మా వాడు సంపాదిస్తున్నాడుగా, నీకెందుకమ్మా ఆ బొమ్మల ఉద్యోగం," అన్నప్పుడు కూడా శ్రేయాస్ ఇదే పాట పాడాడు. మనిద్దరం ఒకటేనట. ఆ ఒకటీ ఎప్పుడూ అతనే అయ్యాడు.

స్టవ్ కట్టేసి, ల్యాప్‌టాప్ తెరిచింది. టైటిల్స్ అన్నిటికీ చివర, అన్నిటికంటే ఎక్కువసేపు తెరమీద నిలిచేది దర్శకుడిగా శ్రేయాస్ పేరున్న కార్డు.

"అయిందా?" అన్నాడు శ్రేయాస్.

"అయింది. నా పేరు తియ్యకుండానే దేవ్‌కి చోటు దొరికింది. నీ కార్డే ఖాళీ చేశాను."

ఆ పూట మొదటిసారి శ్రేయాస్ సోఫాలోంచి లేచి వంటింట్లోకి వచ్చాడు.

"పిచ్చా నీకు? అది నా సినిమా!"

దేదీప్య ల్యాప్‌టాప్ మూసి చంకన పెట్టుకుంది.

"ఏం, మనిద్దరం వేరా? నా పేరుంటే నీ పేరున్నట్టే కదా."